గులాబీ పురుగు బీటీకి అలవాటు పడలేదు

సంపాదకుల వారికి,

ఆదోని ప్రాంతంలో పత్తికి గులాబీ రంగు పురుగు పట్టిన ప్రతిసారీ రైతు సమావేశాల్లో, విత్తనాల దుకాణాల్లో ఒకటే మాట: 'పురుగు బీటీకి అలవాటు పడిపోయింది.' నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను, ఇంట్లో పత్తి సాగు ఉంది. ఈ మాట తప్పు. దీన్ని నమ్మి రైతులు నష్టపోతున్నారు.

బీటీ పత్తి అంటే పురుగును చంపే విషాన్ని మొక్కే తయారుచేసుకునేలా జన్యువు చేర్చిన పత్తి. దాన్ని తిన్న పురుగు పేగు గోడకు ఆ విషం అతుక్కుంటేనే చస్తుంది. లక్షల పురుగుల్లో ఏ కొన్నింటికో పుట్టుకతోనే జన్యువులో తేడా ఉండి విషం అతుక్కోదు. మిగతావి చచ్చాయి, ఇవి మిగిలాయి, వీటి సంతానంతో చేను నిండింది. ఏ ఒక్క పురుగూ బతికుండగా మారలేదు. డార్విన్ చెప్పిన ప్రకృతి వరణం ఇదే. అవసరం పడ్డాక ఆ తేడా పుట్టుకొస్తుందని చాలామంది అనుకుంటారు. మందు తగలకముందే దాన్ని తట్టుకునే బాక్టీరియా ఉంటాయని 1952లోనే శాస్త్రవేత్తలైన లెడర్‌బర్గ్ దంపతులు ప్రయోగం చేసి చూపించారు.

రైతుకు దీంతో పనేంటంటారా? 2002లో బీటీ వచ్చినప్పుడు 450 గ్రాముల విత్తనంతో పాటు చేను చుట్టూ వేయమని 120 గ్రాముల నాన్‌బీటీ (ఆ విషం లేని మామూలు పత్తి) ప్యాకెట్టు కూడా ఇచ్చేవారు. పురుగుకు మనమే తిండి పెట్టడమేంటని ఎక్కువమంది దాన్ని పక్కన పడేశారు. అలవాటు పడుతుందనే నమ్మకంతో చూస్తే ఆ ప్యాకెట్టు దండగే మరి. అసలు సంగతి వేరు. ఆ వరుసల్లో బతికిన మామూలు పురుగులు, విషాన్ని తట్టుకునే పురుగులతో జతకట్టాలి. ఆ తేడా తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తేనే పనిచేస్తుంది కాబట్టి వాటి పిల్లలు బీటీ తిని చస్తాయి. అమెరికాలో అరిజోనా రైతులు నాన్‌బీటీ వేశారు, అక్కడ ఏళ్ల తరబడి పురుగు బీటీకి లొంగే ఉంది. ఆ తర్వాత సంతానం కలగని రెక్కల పురుగులను కూడా వదిలారు. 2018లో తమ దేశపు పత్తి ప్రాంతాల్లో గులాబీ పురుగు లేదని అమెరికా ప్రభుత్వం ప్రకటించింది. మన దేశంలో మాత్రం 2009లోనే గుజరాత్‌లో మొదటి రకం బీటీ ఓడిపోయింది, కొన్నేళ్లకు రెండో రకమూ అంతే.

పురుగు బలం పుంజుకుందనడమూ సరికాదు. బీటీ లేని పత్తి మీద పెంచితే, తట్టుకునే పురుగులే మామూలు వాటికంటే తక్కువగా బతికాయని అరిజోనా పరిశోధకులు గమనించారు. మన చేలో గెలిచిందంటే ఆ చేను పరిస్థితికి సరిపోయిందనే. ఈ సంగతి తెలియకే డోసు పెంచి అదే మందు మళ్లీ మళ్లీ కొడుతున్నాం. ఒక కాయ కోసి చూడండి. పైన నిగనిగలాడుతుంది, పురుగు దూరిన రంధ్రం కూడా పూడిపోయి ఉంటుంది. లోపల గింజ డొల్ల, దూది పసుపు. అక్కడికి మందు చేరదు. చేరిన చోట మళ్లీ తట్టుకునేవే మిగులుతాయి.

ఇలాంటి కాలంలో కేంద్ర పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలోంచి జీవపరిణామం పాఠం తీసేసింది. 2023లో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు అభ్యంతరం చెబుతూ లేఖ రాశారు. పన్నెండులో ఉందిగా అంటారు, కానీ అది బైపీసీ పిల్లలకే. పదితో చదువు ఆపి చేలో దిగే పిల్లవాడికి ఎవరు చెప్పాలి? 'కోతి మనిషైతే ఇప్పటి కోతులు ఎందుకు కావు?' అని నన్ను పిల్లలు ఏటా అడుగుతారు. కోతి మనకు తాత కాదు, దాయాది, ఇద్దరికీ మూలపురుషుడు ఒకడే అంటే చప్పున అర్థం చేసుకుంటారు. వాళ్లకు అందనంత కష్టమైన పాఠమేమీ కాదిది.

డిసెంబరు దాటకుండా పంట తీసేయమని, పత్తి కట్టె గుట్టలు వేయొద్దని అధికారులు ఏటా చెబుతారు. ఎందుకో కూడా వివరంగా చెప్పాలి. వచ్చే ఖరీఫ్‌కు ముందు రైతు శిక్షణల్లో ఒక పూట దీనికి కేటాయించాలని జిల్లా వ్యవసాయాధికారులను కోరుతున్నాను. పిలిస్తే మా సైన్సు ఉపాధ్యాయులం వచ్చి చెబుతాం.

- ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయుడు, ఆదోని, కర్నూలు జిల్లా