ఇల్లు ఏ కాలువ కిందుందో చూసుకో

ఒరేయ్ సత్తీ,

నీ ఫోను వచ్చినప్పుడు నేను గట్టు మీదున్నాను. సిగ్నలు సరిగ్గా లేక సగం మాటలు గాల్లోనే పోయాయి. "డల్లాసులో మంచి స్కూళ్ళున్న ఏరియా ఏది, ఒక్క పేరు చెప్పరా" అన్నది మాత్రం స్పష్టంగా వినపడింది. ఒక్క పేరు చెప్పి ఊరుకోవడం నాకు చేతకాదని నీకు తెలుసు కదా. కాలువలు కట్టేశారు, చేలో పని లేదు, కరెంటు పోయి గంటయింది. అరుగు మీద ముంజలు పెట్టుకుని కూర్చున్నాను. ఉత్తరం రాయడానికి ఇంతకన్నా మంచి మధ్యాహ్నం దొరకదు.

డల్లాసులో పదకొండేళ్ళున్నాడు కదా, వీడు అన్నీ సరిగ్గా చేసుకొచ్చుంటాడని అనుకోకు. మొదటి ఏడాదే బోర్లా పడ్డాను.

వెళ్ళగానే ఆఫీసులో మనవాళ్ళంతా ఒకటే మాట: కొపెల్ డిస్ట్రిక్టు స్కూళ్ళు బాగుంటాయి, డల్లాస్ పక్కనే ఉన్న ఇర్వింగ్‌లో వ్యాలీ రాంచ్ అనే పేట ఆ డిస్ట్రిక్టు కిందికే వస్తుంది, అక్కడ అద్దెకి చేరు అని. అందులో అబద్ధం లేదు. నేను ఆ చుట్టుపక్కలే అపార్టుమెంటు చూసి, "ఇది కొపెల్ స్కూళ్ళ కిందికేనా" అని లీజింగ్ ఆఫీసులో అమ్మాయిని అడిగాను. నవ్వుతూ తలూపింది. ఆ నవ్వుకి పడిపోయి ఏడాది లీజు మీద సంతకం పెట్టేశాను. వారం తరవాత లీజు కాగితం, కరెంటు బిల్లు పట్టుకుని, పిల్లాడికి తల దువ్వి స్కూలుకి తీసుకెళ్తే, మీ ఇల్లు మా డిస్ట్రిక్టులో లేదండీ, రోడ్డుకి ఇవతల వేరే డిస్ట్రిక్టు అన్నారు. లీజు మధ్యలో వదిలేస్తే రెండు నెలల అద్దె కట్టాలి. కొత్తగా వెళ్ళినవాడి దగ్గర అంత డబ్బెక్కడిది? ఆ స్కూలు జెండా మా బాల్కనీలోంచి కనపడేది. ఏడాది పొడుగునా దాన్ని చూస్తూనే కాఫీ తాగాను.

తరవాత బుర్ర పెట్టి ఆలోచిస్తే నవ్వొచ్చింది. ఇది మనకి తెలీని సంగతా? మీ నాన్నగారి రెండెకరాలు రికార్డుల్లో మన ఊరివే, నీళ్ళు మాత్రం పక్కూరి బోదె నుంచి వచ్చేవి. ఆ బోదె కోసం నీళ్ళు వదిలే లస్కరుతో ఆయన పడ్డ గొడవలు మన ఊళ్ళో ఎవరికి తెలీవు! పొలం కొనేవాడు ఏ ఊరిదని అడగడు, ఏ తూము కింద ఉంది, శివారా కాదా అని అడుగుతాడు. అక్కడ ఇంటి సంగతీ అచ్చం అంతే. పోస్టు అడ్రసులో ఉన్న ఊరు వేరు, స్కూలు డిస్ట్రిక్టు వేరు. డిస్ట్రిక్టంటే మన జిల్లా అనుకునేవు. స్కూళ్ళు నడపడానికే పుట్టిన వేరే ప్రభుత్వం అది. దానికి వేరే ఎన్నికలు, వేరే బోర్డు, వేరే పన్ను. ఒక్క టెక్సస్‌లోనే అలాంటివి వెయ్యి పైన ఉన్నాయి. ఇర్వింగ్ అడ్రసున్న ఇల్లు ఇర్వింగ్ డిస్ట్రిక్టులో ఉండొచ్చు, కొపెల్‌లో ఉండొచ్చు, క్యారల్టన్-ఫార్మర్స్ బ్రాంచ్‌లోనూ ఉండొచ్చు. ఫ్రిస్కో డిస్ట్రిక్టు ప్లేనోలోకి, మెకిన్నీలోకి, లిటిల్ ఎల్మ్‌లోకి కూడా పాకి ఉంటుంది. అలాగని ఫ్రిస్కో ఊరంతా దాని కిందే ఉందా అంటే లేదు. కొన్ని వీధులు ప్రాస్పర్‌కి, కొన్ని లూయిస్‌విల్‌కి వెళ్తాయి. అంచేత ఎవడైనా "ఫ్రిస్కోకి వెళ్ళిపో" అంటే, ఏ వీధికిరా అని అడుగు.

ఇల్లు నచ్చిందా, ఇంటి నంబరుతో సహా పూర్తి అడ్రసు ఆ డిస్ట్రిక్టు వెబ్‌సైటులో కొట్టి చూడు. ఎలిమెంటరీ ఏది, మిడిల్ ఏది, హైస్కూలు ఏది, మూడూ చూపిస్తుంది. అంతటితో ఆగకుండా డిస్ట్రిక్టు ఆఫీసుకి మెయిలు పెట్టి జవాబు దాచుకో. ఆ క్లాసులో చోటుందా అని కూడా అడుగు. నిండిపోతే నీ ఇల్లు ఆ స్కూలు పరిధిలో, అంటే జోన్‌లో, ఉన్నా సరే ఇంకో స్కూలుకి పంపేస్తారు. జోన్లూ ఎప్పటికీ అలాగే ఉండవు. కొత్త స్కూలు కడితే గీతలు మారతాయి, పిల్లలు తగ్గినా మారతాయి. అంత పేరున్న ప్లేనో డిస్ట్రిక్టే 2024లో నాలుగు స్కూళ్ళు మూసెయ్యాలని తీర్మానించింది. పేట పాతబడి పిల్లలు పెద్దవాళ్ళయిపోతే కొత్తవాళ్ళు అంత ధరలు పెట్టి రాలేరు మరి. ముందు ఏడాది అద్దెకుండు, కొనడం సంగతి తరవాత. కొంటే ఆస్తి పన్ను మన ఇంటి పన్నులా ఉంటుందనుకోకు. ఆ శివారు ఊళ్ళలో చాలాచోట్ల ఇంటి విలువలో ఒకటిన్నర నుంచి రెండు శాతం దాకా ఉంటుంది. ఐదు లక్షల డాలర్ల ఇంటికి ఏటా ఏడున్నర వేల నుంచి పదివేలు. అందులో పెద్ద ముక్క స్కూలు డిస్ట్రిక్టుదే. రాష్ట్రంలో ఆదాయపు పన్ను లేదని మురిసిపోయేవాళ్ళకి ఈ ముక్క ఎవరూ చెప్పరు.

ఇక రేటింగులు. గ్రేట్‌స్కూల్స్ అని ఒక సంస్థ ఒకటి నుంచి పది దాకా అంకె వేస్తుంది. ఇళ్ళు చూపించే సైట్లలో ఇంటి పక్కనే ఆ అంకె కనపడుతుంది. నువ్వు నిన్న "తొమ్మిదికి తక్కువ వద్దు" అన్నది దాన్ని చూసే కదా? ఆ అంకె చాలావరకు పరీక్షల మార్కుల మీదే లెక్కకడతారు. మార్కులు ఎక్కడ ఎక్కువొస్తాయిరా? తల్లిదండ్రులు బాగా చదువుకుని, చేతిలో డబ్బుండి, సాయంత్రం ట్యూషన్‌కి పంపగలిగే చోట. మన టీవీలో ఫలితాల రోజున "ఒకటీ ఒకటీ ఒకటీ, రెండూ రెండూ రెండూ" అని చెవులు హోరెత్తిస్తారు చూడు, ఆ ర్యాంకులు కాలేజీ తెప్పించిందా, ర్యాంకొచ్చే పిల్లల్నే ముందు ఏరుకున్నారా అని మనం తలలు బద్దలు కొట్టుకునేవాళ్ళం కాదూ? ఇదీ ఆ బాపతే. టెక్సస్ విద్యాశాఖ కూడా ప్రతి స్కూలుకీ ఏ నుంచి ఎఫ్ దాకా గ్రేడు ఇస్తుంది. అందులో పిల్లలు ఏడాదిలో ఎంత ముందుకెళ్ళారన్నది వేరే చూపిస్తారు. నేనైతే ముందు అదే చూస్తాను.

నువ్వు ఇప్పుడు వినిపించుకోని మాట ఒకటుంది, చెప్పేస్తాను. 1997లో టెక్సస్‌లో ఒక చట్టం చేశారు. హైస్కూల్లో పై పది శాతంలో ఉన్న పిల్లలకి రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీల్లో నేరుగా సీటు. ఆస్టిన్‌లోని పెద్ద యూనివర్సిటీకి మాత్రం అంత తాకిడి తట్టుకోలేక కోత పెట్టారు. చాలా ఏళ్ళు ఆరు శాతం ఉండేది, 2026లో చేరేవాళ్ళ నుంచి ఐదుకి దింపేశారు. ఈ లెక్క ఏ స్కూలుకి ఆ స్కూలుదే. అంటే పది రేటింగు స్కూల్లో, క్లాసులో సగం మంది మనవాళ్ళ పిల్లలే ఉండి అర్ధరాత్రి దాకా చదువుతుంటే, నీ కొడుకు ఎంత బాగా చదివినా ఆ ఐదు శాతంలో దూరడం గగనం. మావాడు రెండో ఏడాది మేము ఎగబడి వెళ్ళిన "మంచి" స్కూల్లోనే పెరిగాడు. మార్కులు బాగానే వచ్చాయి, ర్యాంకు దగ్గరే కొద్దిలో జారిపోయాడు. ఇప్పుడు రిచర్డ్‌సన్‌లో యూటీ డల్లాస్ యూనివర్సిటీలో చదువుతున్నాడు, హాయిగానే ఉన్నాడు. వాడికి లేని బాధ నాకే ఉంది. హైస్కూలు ఏళ్ళలో వాడు నిద్రపోయిన రాత్రులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

(అన్నట్టు, ఎలెన్ అని ఒక ఊరుంది. ఆ డిస్ట్రిక్టంతటికీ ఒకటే హైస్కూలు, ఐదువేల మంది పైనే పిల్లలు. 2012లో పద్దెనిమిది వేల సీట్ల ఫుట్‌బాల్ స్టేడియం కట్టుకున్నారు, హైస్కూలుకి! మన ఊరి జనాన్నంతా తీసుకెళ్ళి కూర్చోబెట్టినా సగం కుర్చీలు ఖాళీగా ఉంటాయి.)

అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు చెప్తాను. మా అమ్మ నన్నూ చెల్లినీ తీసుకుని అమలాపురంలో గది తీసుకున్న రోజులు గుర్తున్నాయా? స్కూలు మంచిదని నాన్న పంపాడు. ఆయన ఇక్కడే చేలో ఉండేవాడు, ఆదివారాలు బస్సులో బియ్యం, కొబ్బరికాయలు దింపి వెళ్ళేవాడు. స్కూలు నిజంగానే మంచిది. అమ్మకి మాత్రం నాలుగేళ్ళు మాట్లాడే మనిషి లేదు. మేము స్కూలు నుంచి రాగానే ఆపకుండా మాట్లాడేది, విసుక్కునేవాళ్ళం. ఈ సంగతి నాకు ఇర్వింగ్‌లో అర్థమైంది, మా ఆవిడ కూడా అలాగే తలుపు తియ్యగానే మొదలుపెట్టేసరికి.

కాబట్టి స్కూలు చూసిన కళ్ళతోనే మీ ఆవిడ, మా చెల్లెమ్మ, పగలు ఏం చేస్తుందో కూడా చూడు. డ్రైవింగ్ లైసెన్సు వచ్చేదాకా ఆవిడ ఎక్కడికి వెళ్ళగలదు? డల్లాస్ రైళ్ళూ బస్సులూ నడిపే డార్ట్‌లో ఇర్వింగ్, ప్లేనో, రిచర్డ్‌సన్, క్యారల్టన్ ఉన్నాయి. ఫ్రిస్కో, ఎలెన్, మెకిన్నీ లేవు. ఫ్రిస్కోలో హనుమంతుడి గుడుంది, మన కిరాణా కొట్లున్నాయి, తెలుగు తప్ప ఇంకేం వినపడని వీధులున్నాయి. కారు లేకపోతే మటుకు అవన్నీ కిటికీలోంచి చూడ్డానికే. మీ అమ్మగారు వస్తే ఆరు నెలలుంటారు. ఆవిడ గోదారి గట్టు మీద పొద్దున్నా సాయంత్రం నడిచే మనిషి. చుట్టూ నడవడానికి కాలిబాట, పార్కు, బెంచీ మీద ఇంకో పెద్దావిడ, ఇవి ఉన్న పేట చూడు. అందుకోసం రేటింగులో రెండంకెలు తగ్గినా నేను లెక్కపెట్టను. నీ ఆఫీసు ప్లేనో అన్నావు. ఇల్లు దూరమైతే టోల్‌రోడ్డు మీద రోజూ ఎంతవుతుందో అదీ వేసుకో.

పిల్లల విషయం. బుజ్జిగాడు ఐదో క్లాసు అయిపోయిందంటే ఏ క్లాసులో వేస్తారన్నది వయసుని బట్టి వాళ్ళు తేలుస్తారు, దాని మీద గొడవపడకు. చిన్నదానికి సెప్టెంబరు పదిహేడున ఐదేళ్ళు నిండుతాయి కదూ? అక్కడ సెప్టెంబరు ఒకటికి నిండితేనే కిండర్‌గార్టెన్. పదహారు రోజుల తేడాతో ఏడాది ఆగాలి. బాధపడకు, ఇంగ్లీషు రాని నాలుగేళ్ళ పిల్లలకి ప్రభుత్వ స్కూళ్ళలో ప్రీ-కే, అంటే కిండర్‌గార్టెన్‌కి ముందు క్లాసు, ఉచితంగా ఇస్తారు, అడుగు. చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక కాగితం ఇస్తారు. మనవాళ్ళు చాలామంది భయపడి "ఇంగ్లీషు" అని రాసేస్తారు, పిల్లాణ్ణి తక్కువగా చూస్తారేమోనని. తెలుగు అని రాయి. పరీక్ష పెట్టి, అవసరమైతే ఇంగ్లీషు నేర్పే టీచరుని ఇస్తారు. మావాడికి ఆ మొదటి ఏడాది, జెండా ఏడాది, దొరికిన టీచరమ్మ లాంటిది మళ్ళీ దొరకలేదు. రేటింగు ఆరు ఉన్న స్కూలు అది. వాడు ఇప్పటికీ ఆవిడకి క్రిస్మస్‌కి కార్డు పంపుతాడు.

స్కూళ్ళు ఆగస్టు మధ్యలో తెరుస్తారు. జూలై మొదటి వారానికల్లా అక్కడుంటే ఇల్లు చూసుకోడానికి ఊపిరాడుతుంది. ఆ నెలలో ఇక్కడ పులస వస్తుందని ఆగేవు, ఆగకు.

ఏ లీజు మీదైనా సంతకం పెట్టే ముందు ఇంటి నంబరు నాకు పంపు. రాత్రయినా ఫర్వాలేదు, ఇక్కడ దోమలకి ఎలాగూ నిద్రపట్టదు.

నీ
పొట్టోడు

తా.క. టీకాల కార్డులు సూట్‌కేసులో వెయ్యకు, చేతి సంచీలో పెట్టుకో. మన పీహెచ్‌సీ కార్డులో ఆటలమ్మ టీకా, హెపటైటిస్-ఎ టీకా ఉండవు, స్కూలు వాళ్ళు ఆ రెండూ అడుగుతారు. అమలాపురంలోనో కాకినాడలోనో పిల్లల డాక్టరు దగ్గర ఇప్పుడే మొదలుపెట్టించి, తేదీలు ఇంగ్లీషులో రాయించి, స్టాంపు వేయించు. డాక్టరు చేతిరాత మనకే అర్థం కాదు, అక్కడివాళ్ళకేం అర్థమవుతుంది. దగ్గరుండి మళ్ళీ రాయించు.