చంద్రుడి మంచు: తవ్వకముందే కొన్ని బిలాలు పక్కన పెట్టాలి

సంపాదకులకు నమస్కారం.

చంద్రుడి దక్షిణ ధ్రువంలో ఉన్న మంచును కరిగించి, హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొట్టి రాకెట్లకు ఇంధనం చేసుకోవచ్చంటూ గత ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. బాగా రాశారు. కానీ ఆ మంచు అసలు ఎంత ఉందో, తవ్వేస్తే ఏం పోతుందో అందులో ఒక్క ముక్కా లేదు.

శ్రీహరికోట నుంచి 2008లో వెళ్లిన చంద్రయాన్-1 మీద మినీ-సార్ అనే అమెరికా రాడార్ ఉండేది. ఉత్తర ధ్రువం దగ్గర నలభైకి పైగా బిలాల్లో అది మంచు జాడ పట్టింది. కనీసం 60 కోట్ల టన్నులు ఉండొచ్చని 2010లో నాసా ప్రకటించింది. వినడానికి చాలా పెద్ద అంకె. మన ప్రాజెక్టుల లెక్కలో చూస్తే మాత్రం అది 21 టీఎంసీలు. నాగార్జునసాగర్ నిండితే 312. ఆ 21 కూడా మంచు శుభ్రంగా, రెండు మీటర్లన్నా మందంగా ఉంటేనే. చంద్రయాన్-1లోనే ఉన్న, ఖనిజాల జాడ పట్టే ఎం3 అనే పరికరం పంపిన సమాచారాన్ని మళ్లీ జల్లెడ పట్టి, ఉపరితలం మీద మంచు ఉందని 2018లో శాస్త్రవేత్తలు తేల్చారు. అయితే మంచు నిలవగలిగినంత చల్లని చోట్లలో నూటికి నాలుగు వంతుల్లో కూడా అది కనిపించలేదు.

ఇంత కొద్ది మంచు విలువ ఇంధనంతో తేలేది కాదు. చంద్రుడి అక్షం వంపు ఒకటిన్నర డిగ్రీలే కాబట్టి ధ్రువాల దగ్గర సూర్యుడు అంచున పాకుతాడే తప్ప పైకి రాడు. లోతైన బిలాల అడుగున వందల కోట్ల ఏళ్లుగా ఎండ పడలేదు. సున్నాకు దిగువన 200 డిగ్రీలు దాటే చలి అది. తోకచుక్కలు తెచ్చిన నీరు, ఒకనాటి అగ్నిపర్వతాలు కక్కిన ఆవిరి, సౌరపవనంలోని (సూర్యుడి నుంచి వీచే కణాల ప్రవాహంలోని) హైడ్రోజన్ వల్ల పుట్టిన నీరు, ఏది అక్కడికి చేరినా అక్కడే గడ్డకట్టి ఉంటుంది. భూమికి నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయన్న తగువు ఇంకా తెగలేదు. ఇక్కడి రుజువులను వానలు, సముద్రాలు, కదిలే భూఫలకాలు ఎప్పుడో చెరిపేశాయి. అంటార్కిటికా మంచును తవ్వి తీస్తేనే 8 లక్షల ఏళ్ల వాతావరణ చరిత్ర బయటపడింది. చంద్రుడి మంచు పొరలు దానికన్నా ఎన్నో వేల రెట్లు వెనక్కి పోవచ్చు. అందులో భార హైడ్రోజన్ (మామూలు హైడ్రోజన్‌కన్నా బరువైన రకం) వాటా ఎంతో చూస్తే ఆ నీరు ఎక్కడిదో తెలుస్తుంది.

తవ్వకాల దాకా కూడా అక్కర్లేదు, దిగడమే దాన్ని చెడగొట్టగలదు. చంద్రుడి మీద గాలి లేదు. ల్యాండర్ ఇంజిన్ వదిలిన ఆవిరి అణువులు నేల మీద గెంతుకుంటూ వెళ్తాయి; వాటిలో కొన్ని చివరికి ఆ చీకటి బిలాల్లోనే చిక్కుకుంటాయి. హైడ్రోజన్, మీథేన్ మండించే ఇంజిన్లు వదిలేది ఎక్కువగా నీటి ఆవిరే! రేపు ఏ నీరు తోకచుక్కది, ఏది ఇంజిన్‌ది అని వేరు చేయడం ఎంత కష్టమో ఊహించండి. చంద్రయాన్-1 వదిలిన మన ప్రోబ్ కూడా 2008 నవంబరు 14న దక్షిణ ధ్రువంలోని షాకిల్టన్ బిలం దగ్గర గుద్దుకున్నదే. మరుసటి ఏడాది అమెరికా కబేయస్ బిలంలోకి ఖాళీ రాకెట్ దశను పడేసి, లేచిన ధూళిలో సుమారు 155 కిలోల నీటిని లెక్కగట్టింది. తెలుసుకోవడానికి ఆ మాత్రం తప్పలేదు. దాన్ని నేను తప్పు పట్టను.

బృహస్పతి, శని ఉపగ్రహాల విషయంలో ఇదే నాసా ఎంతో జాగ్రత్త పడింది. యూరోపా మంచును కలుషితం చేయకూడదని 2003లో గెలీలియో నౌకను బృహస్పతిలోకి దించేసింది. ఎన్‌సెలడస్ కోసం 2017లో కసీనిని శనిలో కలిపేసింది. అక్కడ జీవం ఉండే అవకాశం ఉంది కాబట్టి ఆ జాగ్రత్త. చంద్రుడి మీద జీవం లేదన్న ధీమాతో ఆ శ్రద్ధ ఇక్కడ సడలింది.

చంద్రుడి మీద దేశాలు ఎలా నడుచుకోవాలో చెప్పే, అమెరికా చొరవతో వచ్చిన ఆర్టెమిస్ ఒప్పందాల మీద మన దేశం 2023 జూన్‌లో సంతకం చేసింది. వాటిలో వారసత్వ పరిరక్షణకు ఒక విభాగమే ఉంది. మనుషులు, యంత్రాలు దిగిన చారిత్రక స్థలాలను, అక్కడ మిగిలిన వస్తువులను కాపాడాలంటుంది. వందల కోట్ల ఏళ్ల మంచు ఊసు ఆ విభాగంలో లేదు. యాభై ఏళ్ల నాటి బూటు గుర్తులకున్న రక్షణ దానికి లేదన్నమాట. చైనా ఈ ఒప్పందాల్లో లేదు, దాని చాంగ్‌ఎ-7 నౌక లక్ష్యం కూడా దక్షిణ ధ్రువమే. కాబట్టి ఈ మాట అందరూ కూర్చునే చోటే ఎత్తాలి. ఐక్యరాజ్యసమితి అంతరిక్ష కమిటీలో అంతరిక్ష వనరుల మీద ఒక కార్యవర్గం 2027 వరకు గడువుతో పనిచేస్తోంది. ఆ కమిటీలో మనమూ సభ్యులమే.

అంటార్కిటికాలో కొన్ని ప్రాంతాల్లోకి అనుమతి లేకుండా ఎవరూ అడుగు పెట్టకూడదు. ఆ నియమాన్ని మనం పాటిస్తున్నాం, 2022లో చట్టమూ చేసుకున్నాం. అదే పద్ధతిలో చంద్రుడి రెండు ధ్రువాల్లోనూ కొన్ని బిలాలను పరిశోధనకే కేటాయించాలని, ముందు నమూనాలు తీసి చదివాకే మిగతావాటి సంగతి చూడాలని భారత్ ప్రతిపాదించాలి. జపాన్‌తో కలిసి ఇస్రో దక్షిణ ధ్రువానికి పంపబోయే ల్యాండర్ ఎక్కడ దిగుతుందో, దాని ఇంజిన్ ఏం వదులుతుందో ముందే బహిరంగంగా ప్రకటిస్తే మన ప్రతిపాదనకు బలం వస్తుంది. అంతరిక్ష శాఖను ఈ విషయం అడగమని మన ఎంపీలకు రాస్తున్నాను. మీ విలేకరులు కూడా ఇస్రో తదుపరి పత్రికా సమావేశంలో అడగాలని కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
తెనాలి