జూన్ 14 అర్ధరాత్రి సెల్ఫ్ కొడితే సరిపోదు

ఎడిటర్ గారికి,

జూన్ రెండో వారం వచ్చేసరికి మీ పేపర్‌తో సహా అన్నిట్లోనూ ఒకటే వార్త. సముద్రంలో చేపల వేట నిషేధం జూన్ 14తో ముగుస్తోంది, బోట్లకు రంగులేశారు, వలలు బాగుచేసుకున్నారు, ఐసు ఎక్కిస్తున్నారు, గంగమ్మకు పూజలు చేశారు. ఫొటోలు బాగుంటాయి, కాదనను. కానీ ఆ రంగుల బోటు కింద, నిషేధం మొదలైన ఏప్రిల్ 15 నుంచి కదలకుండా పడున్న ఇంజిన్ గురించి ఒక్క ముక్క కూడా ఉండదు. నేను హార్బర్‌లో బోటు ఇంజిన్లు చేసే మెకానిక్‌ని, అందుకే ఈ ఉత్తరం.

తూర్పు తీరంలో 2015 నుంచి నిషేధం 61 రోజులు. రెండు నెలలే కదా అనిపిస్తుంది గానీ అందరి బోట్లూ రెండు నెలలే ఆగవు. అప్పుల వల్లో, కలాసీలు (బోటు మీద పనిచేసేవాళ్లు) దొరక్కో, రిపేరుకు డబ్బుల్లేకో ఏడాది, రెండేళ్లు జెట్టీకి కట్టేసి ఉంచి, ఈ సీజన్‌కి మళ్లీ దించుదాం అనుకునేవాళ్లు ప్రతిసారీ కనిపిస్తారు. పైగా మన దగ్గర చాలా ఇంజిన్లు పాతవి, కొన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నవి. అలాంటిదాన్ని 14వ తేదీ రాత్రి, డీజిల్ పోసి, బ్యాటరీ అప్పు తెచ్చి, కొబ్బరికాయ కొట్టి, వెంటనే సెల్ఫ్ కొడతారు. స్టార్ట్ అయితే సంబరం. అవ్వకపోతే అప్పుడు మాకు ఫోన్లు, అదీ ఒకే రాత్రి అందరూ.

ఆగిపోయిన ఇంజిన్‌కి మొదటి శత్రువు నీళ్లు. సైలెన్సర్ పైపు నుంచి వాననీళ్లో సముద్రపు నీళ్లో వెనక్కి దిగొచ్చు, సిలిండర్ల పైమూత కింద ఉండే ప్యాకింగ్ (హెడ్ గాస్కెట్) పోయి లోపలి నుంచి ఊరొచ్చు, ఎలాగైనా సిలిండర్‌లోకి చేరతాయి. గాలిని పిస్టన్ నొక్కగలదు, నీళ్లని నొక్కలేదు. కాబట్టి సెల్ఫ్ కొట్టగానే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది, ఒక్కోసారి విరిగి బ్లాకు పక్కనుంచి బయటికొస్తుంది, ఇక ఆ సీజన్ అయిపోయినట్టే. దీనికి మందు చాలా చవక. సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు విప్పేసి, సిలిండర్లలో కొద్దిగా ఇంజిన్ ఆయిల్ వేసి ఒక రాత్రి నాననిచ్చి, మర్నాడు పెద్ద స్పానర్‌తో చేత్తో నిదానంగా రెండు చుట్లు తిప్పాలి. రెండు ఎందుకంటే నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో అన్ని సిలిండర్లలోనూ నాలుగు స్ట్రోకులూ పూర్తవ్వాలంటే అంత కావాలి. ఎక్కడైనా గట్టిగా పట్టేస్తే అక్కడే ఆగి ఎందుకో చూడాలి, అంతేగానీ పైపు తగిలించి ఇద్దరు ముగ్గురు కలిసి లాగితే పట్టేసిన పిస్టన్ రింగులు ముక్కలవుతాయి. చేత్తో తేలిగ్గా తిరిగాకే, నాజిళ్లు విప్పి ఉండగానే, ఒకసారి సెల్ఫ్ కొట్టి లోపలున్నదంతా బయటికి చిమ్మనివ్వాలి. అప్పుడు ఆ రంధ్రాల మీదికి ముఖం పెట్టి చూడకండి బాబూ, ఇది ఎన్నిసార్లు చెప్పినా కుర్రాళ్లు వంగి మరీ చూస్తారు.

తర్వాత ఆయిల్. డిప్‌స్టిక్ తీసి చూస్తే పాలు కలిసిన టీ రంగులో ఉంటే అందులో నీళ్లు కలిశాయని అర్థం, ఆ ఆయిల్‌తో ఇంజిన్ తిప్పితే బేరింగులు పోతాయి. ఆయిల్ బాగానే ఉన్నా నెలల తరబడి ఆగితే బేరింగుల మీద ఉన్న ఆయిల్ తడంతా కిందకి జారిపోయి ఉంటుంది. స్టాప్ లివర్ లాగి పట్టుకుని, డీజిల్ అందకుండా, సెల్ఫ్ చిన్న చిన్నగా కొడుతూ ఆయిల్ గేజి ముల్లు కదిలేదాకా తిప్పాలి, ఆ తర్వాతే స్టార్ట్. సెల్ఫ్‌ని కూడా పది పదిహేను సెకన్లకు మించి ఒకేసారి కొట్టకూడదు, కాస్త చల్లారనివ్వాలి, లేకపోతే మోటారే కాలిపోతుంది.

డీజిల్ ట్యాంకు సగం ఖాళీగా వదిలేస్తే లోపలి గాలిలో తేమ రాత్రుళ్లు నీరుగా మారి అడుగున చేరుతుంది. నీళ్లకీ డీజిల్‌కీ మధ్య నల్లటి జిగురులా ఒక బూజు లాంటిది పెరుగుతుంది. హార్బర్‌లో ఫిల్టర్ మూసుకుపోకపోవచ్చు. బయటికెళ్లి బోటు ఊగడం మొదలెట్టాక ట్యాంకు అడుగున ఉన్న ఆ మడ్డి అంతా లేచి ఫిల్టర్‌లోకి వస్తుంది, అప్పుడు ఇంజిన్ ఆగేది నడి సముద్రంలో. నైరుతి గాలి ఉధృతంగా ఉండే రోజులవి, ఇంజిన్ లేని బోటుని ఈశాన్యం వైపు తోసుకుపోతుంది. కోస్ట్ గార్డ్ నంబరు 1554 బోటు మీద రాసుకోవడం మంచిదే, కానీ ట్యాంకు అడుగున ఉన్న నట్టు విప్పి నీళ్లు, మడ్డి వదిలేయడం, కొత్త ఫిల్టర్ వేయడం అంతకంటే మంచిది.

ఫిల్టర్ మార్చాక డీజిల్ లైన్‌లో చేరిన ఎయిర్ తీయాలి, అది అందరికీ తెలిసిందే. తెలియంది ఏంటంటే, నాజిల్ పనిచేస్తుందా అని వేలు అడ్డం పెట్టి చూడటం ఎంత ప్రమాదమో. 200 బార్ ప్రెషర్‌తో వచ్చే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, పైకి సూది గుచ్చినంత చుక్కే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట్లో ఉండదు. గుడ్డ కట్టుకుని ఊరుకుంటే వేలు, ఒక్కోసారి చెయ్యే తీసేయాల్సి వస్తుంది. వెంటనే ఆస్పత్రికి వెళ్లి డీజిల్ లోపలికి పోయిందని డాక్టర్‌కి గట్టిగా చెప్పాలి.

ఇక నాకు నిజంగా టెన్షన్ పుట్టించేది ఇంజిన్ స్టార్ట్ అవ్వకపోవడం కాదు, స్టార్ట్ అయ్యాక ఆగకపోవడం. పాత ఫ్యూయల్ పంపులో డీజిల్ ఎంత వెళ్లాలో నిర్ణయించే ర్యాక్ ఒకటుంటుంది, చాలాకాలం ఆగితే అది తుప్పుతోనో జిగటతోనో పట్టేస్తుంది. ఫుల్ దగ్గర పట్టేసి ఉందనుకోండి, స్టార్ట్ అయిన క్షణం నుంచి స్పీడు పెరుగుతూనే పోతుంది, స్పీడుని అదుపు చేసే గవర్నర్ దాన్ని వెనక్కి లాగలేదు, తాళంచెవి తిప్పేసినా ప్రయోజనం లేదు, ఎందుకంటే డీజిల్ ఇంజిన్‌కి స్పార్క్ ప్లగ్గే లేదు. డీజిలన్నా ఆపాలి, గాలన్నా ఆపాలి. ఆయిల్ ఎక్కువ పోసేసి అది పైకెక్కి మండుతుంటే డీజిల్ కట్ చేసినా తన ఆయిల్‌తోనే తిరుగుతుంది, అప్పుడు గాలి ఒక్కటే దారి. అందుకే స్టార్ట్ చేసే ముందే స్టాప్ లివర్, ర్యాక్ స్వేచ్ఛగా కదులుతున్నాయా చూసుకుని, గాలి పీల్చే మూతికి సరిపడే మందపాటి ప్లైవుడ్ ముక్క ఒకటి ఒక మనిషి చేతిలో ఉంచాలి. గుడ్డలు, గోనెలు, అరచేయి అస్సలు పనికిరావు, లోపలికి లాగేసుకుంటుంది.

దీనికి తోడు, ఇంజిన్ లేవకపోతే గాలి పీల్చే మూతి దగ్గర పెట్టే పెట్రోలు గుడ్డ ఒకటి. లేకపోతే ఈథర్ స్ప్రే. వాసన చూపిస్తే లేస్తుంది అంటారు. అది మంచు కురిసే దేశాల వాళ్ల అవసరం. జూన్‌లో మన హార్బర్‌లో ఎండ ఎంతుంటుందో అందరికీ తెలుసు, అంత వేడిలో కూడా ఇంజిన్ లేవడం లేదంటే దానికి చలి పట్టలేదు, లైన్‌లో ఎయిర్ ఉంది, లేదా కంప్రెషన్ పోయింది. అసలు రోగం వదిలేసి పేలుడు పదార్థం పీల్పిస్తే రింగులు, పిస్టన్లు పగలడమో, ఇంజిన్ గదిలో మంట లేవడమో జరుగుతుంది. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు వరసగా తగలబడిపోవడం చూశాం. అది ఇంజిన్ వల్ల అని నేననడం లేదు. కానీ డీజిల్, గ్యాస్ సిలిండర్లు పెట్టుకుని ఒకదాన్నొకటి ఆనుకుని ఉండే బోట్లలో ఒకచోట నిప్పు పుడితే అది పక్కవాడి బోటు దాకా వెళ్లకుండా ఆగదని ఆ రాత్రి తేలింది.

ఇంకొకటి, ఇంజిన్‌కి సంబంధం లేనట్టు కనిపిస్తుంది గానీ ఉంది. నెలల పాటు మూత వేసి ఉంచిన చేపల గదిలో, ఇంజిన్ కింద అడుగు నీళ్లలో కుళ్లిన చేప ముక్కల వల్ల విషవాయువు పుడుతుంది. మొదట కుళ్లిన గుడ్డు వాసన, కాసేపటికి ముక్కు మొద్దుబారి ఆ వాసన కూడా తెలీదు. ఒకడు దిగి పడిపోతే కాపాడదామని ఇంకొకడు దిగి వాడూ పడిపోతాడు. మూతలన్నీ తీసి, ఫ్యాన్ పెట్టి చాలాసేపు గాలి ఆడించి, పైన ఒక మనిషి కాపలా ఉండగానే దిగాలి. బ్యాటరీ ఛార్జింగ్ అదే గదిలో పెట్టి బీడీ వెలిగించేవాళ్లకి వేరే చెప్పాలా.

చల్లార్చే నీళ్ల సంగతి త్వరగా చెప్తాను. బోటు అడుగున నీళ్లు పీల్చే రంధ్రానికి గుల్ల పట్టేసి ఉంటుంది, గీకించాలి. పంపు లోపలి రబ్బరు చక్రం ఒకే భంగిమలో ఉండి రెక్కలు వంగిపోతాయి, పొడిగా తిరిగితే నిమిషాల్లో తునాతునకలు, పాతది తీసేసి కొత్తది వేయడమే నయం. స్టార్ట్ చేసేటప్పుడు గేరు న్యూట్రల్‌లో, తాళ్లు గట్టిగా, బోటుని నడిపే ఫ్యానుకి (ప్రొపెల్లర్‌కి) వల చుట్టుకుని లేదని చూసుకుని. స్టార్ట్ అయిన కొన్ని సెకన్లలో ఆయిల్ ప్రెషర్ రాకపోతే వెంటనే ఆపేయాలి. నీళ్లు బయటికి పడుతున్నాయా చూడాలి. జెట్టీ దగ్గరే నిదానంగా తిప్పి, ఆపి, చల్లారాక ఆయిల్ రంగు మళ్లీ చూసి, హార్బర్ లోపలే ఒక చుట్టు తిరిగి రావాలి.

ఇదంతా ఒక రాత్రిలో అయ్యే పనేనా? నాలుగైదు రోజులు పడుతుంది, అదీ సామాన్లు దొరికితే. ఓనర్లని మాత్రమే తిట్టి లాభం లేదు, రెండు నెలలు ఆదాయం లేని మనిషి మెకానిక్‌కి ముందే డబ్బులు ఎక్కడ్నుంచి తెస్తాడు. నిషేధ కాలంలో మత్స్యశాఖ వాళ్లు జెట్టీల మీదికి వచ్చి బోటు ఉందా, నంబరు సరిగ్గా ఉందా, కలాసీలు ఎవరు అని రాసుకుని వెళ్తారు. ఆ రోజే ఇంజిన్‌ని కూడా ఒకసారి చూసే మనిషిని వెంట తెచ్చుకోవచ్చు కదా. మెరైన్ ఫిట్టర్లను తయారుచేసే కేంద్ర ప్రభుత్వ శిక్షణ సంస్థ సిఫ్నెట్ యూనిట్ విశాఖలోనే ఉంది, కాకినాడలో రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ ఉంది. మే చివరి వారంలో విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం జెట్టీల మీద వాళ్లు ఇంజిన్ క్యాంపులు పెడితే, నేర్చుకునే పిల్లలకి అసలైన పాత ఇంజిన్ల మీద పని దొరుకుతుంది, బోటు వాళ్లకి ఖర్చు తగ్గుతుంది. ఫిల్టర్లు, రబ్బరు చక్రాల లాంటి చిన్న సామాను కొంత సబ్సిడీ మీద ఇచ్చినా పెద్ద బడ్జెట్ కాదు.

మీకు కూడా ఒక మాట. ఈ ఉత్తరం వేయదలిస్తే దయచేసి జూన్ 13న వేయకండి. మే నెలలో వేయండి, అదీ శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా తీరం జిల్లాల పేజీల్లో.

ఇట్లు,
ఒక బోటు మెకానిక్,
విశాఖపట్నం