షారన్ ఉపగ్రహమా, ప్లూటోకు జంటా?

చిరంజీవి అమ్ములుకు నాన్న ఆశీస్సులు.

గురుగ్రహం చుట్టూ తిరిగే గనిమీడ్ వ్యాసం 5,268 కిలోమీటర్లు, బుధుడిది 4,880. అలాంటప్పుడు బుధుడు గ్రహమూ, గనిమీడ్ ఉపగ్రహమూ ఎలా అయ్యాయని ఫోనులో అడిగావు. చాలా మంచి ప్రశ్న, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

పరిమాణాన్ని బట్టి కాదమ్మా, దేని చుట్టూ తిరుగుతోందన్న దాన్ని బట్టి. బుధుడు నేరుగా సూర్యుడి చుట్టూ తిరుగుతాడు. గనిమీడ్ గురుడిని పట్టుకుని తిరుగుతుంది.

కానీ నువ్వూ చెల్లీ ఒప్పులకుప్ప తిరిగేటప్పుడు ఎవరి చుట్టూ ఎవరు తిరుగుతున్నట్టు? బరువున్న నువ్వు చిన్న చుట్టు, చెల్లి పెద్ద చుట్టు. ఇద్దరూ తిరిగేది మాత్రం మధ్యనున్న ఒక బిందువు చుట్టూ. అదే ద్రవ్యరాశి కేంద్రం. చంద్రుడి ద్రవ్యరాశి భూమిలో 81వ వంతే కాబట్టి ఆ కేంద్రం భూమి లోపలే ఉంటుంది. ప్లూటో, దాని ఉపగ్రహమని చెప్పే షారన్‌ల సంగతి వేరు. షారన్ ద్రవ్యరాశి ప్లూటోలో దాదాపు ఎనిమిదో వంతు. అందువల్ల వాటి కేంద్రం ప్లూటో నేల మీద నుంచి సుమారు వెయ్యి కిలోమీటర్ల ఎత్తున, శూన్యంలో ఉంది. ఒకదానికొకటి ఎప్పుడూ ఒకే ముఖం చూపుకుంటూ 6.4 రోజులకు ఒక చుట్టు పూర్తి చేస్తాయి.

షారన్ దొరికిన తీరు నాకెంతో ఇష్టం. 1978లో జేమ్స్ క్రిస్టీ అనే అమెరికన్ ఖగోళ శాస్త్రవేత్త ఫోటో పలకలను పరిశీలిస్తుంటే ప్లూటో చుక్కకు ఒక పక్కన చిన్న బుడిపె కనిపించింది. పలకలో లోపం ఉంటే పక్కనున్న నక్షత్రాలూ అలాగే సాగి ఉండాలి. అవి గుండ్రంగానే ఉన్నాయి. పైగా ఆ బుడిపె ఒక క్రమంలో చోటు మారుతోంది. అదే షారన్!

2006లో ప్రాగ్‌లో జరిగిన అంతర్జాతీయ ఖగోళ సంఘం సభలో, ద్రవ్యరాశి కేంద్రం పెద్దదాని బయట ఉంటే రెండూ గ్రహాలే అన్న ముసాయిదా వచ్చింది. అది నెగ్గలేదు. ఆగస్టు 24న ఆమోదించిన నిర్వచనంతో, అప్పటిదాకా గ్రహంగా లెక్కించిన ప్లూటో కూడా మరుగుజ్జు గ్రహమైంది. జంటగ్రహానికి అధికారిక నిర్వచనం ఈనాటికీ లేదు.

కేంద్రం ఎక్కడుందన్న ఒక్క కొలతనే నమ్ముకుంటే చిక్కే. సూర్యుడు, గురుడు తిరిగే కేంద్రం సూర్యుడి ఉపరితలానికి కాస్త బయటే ఉంది. అంతమాత్రాన గురుణ్ణి సూర్యుడికి జంట అనం కదా! చంద్రుడు ఏటా భూమికి 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడు. అలా జరుగుతూ పోతే ఎన్నో కోట్ల ఏళ్లకు భూమి, చంద్రుల కేంద్రం భూమిని దాటి బయటికి వస్తుంది. ఆ రోజుతో చంద్రుడు గ్రహమైపోతాడా? అందుకే నేను ద్రవ్యరాశుల నిష్పత్తికే ఓటు వేస్తాను. ఎనిమిదో వంతు ఉన్న షారన్‌ను జంట అనడమే న్యాయమనిపిస్తుంది. కనీసం సగమైనా ఉండాలంటావా? నీ లెక్క ఏమిటో కారణంతో సహా రాయి.

మీ నాన్న