గొట్టం చివర నారింజ రంగు

విజయవాడ,
ఆదివారం ఉదయం

చిరంజీవి చిన్నారికి నాన్న దీవించి రాస్తున్నది.

ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ క్షేమంగా ఉన్నావని తలుస్తాను. మూడు వారాలైంది నీ గొంతు విని. "మీటింగ్‌లో ఉన్నా నాన్నా, మళ్లీ చేస్తా" అన్న మెసేజ్ మాత్రం నాలుగుసార్లు వచ్చింది. పని ఒత్తిడి నాకు తెలుసు, అందుకే ఫోన్ మానేసి రాస్తున్నాను. తీరిక దొరికినప్పుడు చదువుకో.

అమ్మ ఈసారి జలాలు కాయ తెప్పించి ఆవకాయ పెట్టింది. మూడో రోజు తిరగకలిపి ఉప్పు సరిపోయిందా అని నన్ను రుచి చూడమంది. సరిపోయింది. నీ వాటా వేరే జాడీలో తీసి పెట్టింది. షాపులో ఎండాకాలం రద్దీ మామూలే, పొలాల మోటార్లు రోజుకు ఆరేడు రిపేరుకు వస్తున్నాయి. నిన్న కంకిపాడు నుంచి వచ్చిన సబ్‌మెర్సిబుల్ వైండింగ్ మొత్తం బొగ్గయిపోయింది. లోపల తీగ చుట్ల గాడుల్లో వేసే స్లాట్ పేపర్ పొడిపొడిగా రాలుతుంటే నువ్వు గుర్తొచ్చావు. నాలుగో క్లాసు సెలవుల్లో ఆ పేపరు కత్తిరించి, మడత పెట్టి, ఒక్కొక్క స్లాట్‌లో దూర్చేదానివి. నీ వేళ్లు సన్నం కాబట్టి మా కుర్రాళ్ల కంటే నీట్‌గా వచ్చేది.

గుంటూరు అత్తయ్య పోయిన మంగళవారం రాత్రి ఫోన్ చేసింది. మీ అమ్మాయి తుపాకీ కొన్నదట, అక్కడ ఎవరైనా ఇబ్బంది పెడుతున్నారా, భయపడి కొనుక్కుందా అని అడిగింది. అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. నేను తిన్నాను గానీ నిద్ర పట్టలేదు. మర్నాడు అత్తయ్య వాళ్ల చిన్నోడే డాలస్ నుంచి ఫోన్ చేసి, అది నిజం తుపాకీ కాదు మామయ్యా, ఎయిర్‌సాఫ్ట్, బ్యాటరీతో ప్లాస్టిక్ గుళ్లు కొడుతుంది, శనివారాలు ఆఫీసు వాళ్లంతా కలిసి ఆడుకుంటున్నారు అని చెప్పాడు. నీ ఫొటో కూడా పంపాడు. ఆ ఒక్క ముక్క మాకు నువ్వే ముందు చెప్పి ఉంటే అమ్మకు ఆ రాత్రి గడిచేది. నేను కోప్పడటం లేదు.

ఆ ఫొటో నేను చాలాసార్లు పెద్దది చేసి చూశాను. దాని సంగతి తర్వాత రాస్తాను.

వెనక గోడ పని అయిపోయింది. మేస్త్రి చెప్పినదానికంటే ఆరు బస్తాల సిమెంటు ఎక్కువ పట్టింది. మీ తమ్ముడు పరీక్షలు బాగానే రాశానంటున్నాడు. ఆ తుపాకీ ఎలా పని చేస్తుందో వాడే ల్యాప్‌టాప్‌లో బొమ్మలు తీసి చూపించాడు. డాలస్ చిన్నోడు దాని పేరు కూడా చెప్పాడు, జపాన్ కంపెనీ టోక్యో మారుయి చేసే ఎం.పి.7 అని. జర్మనీలో హెక్లర్ అండ్ కోఖ్ కంపెనీ చేసే అసలు తుపాకీకి ఇది అచ్చు నమూనా. ఈ బ్యాటరీ తుపాకులను 1991లో ఫామాస్ అనే మోడల్‌తో మొదలుపెట్టింది కూడా ఈ టోక్యో మారుయి వాళ్లేనట.

నిజం చెప్పాలంటే లోపలి మెకానిజం చూసి నాకు ముచ్చటేసింది. అరచేతిలో పట్టే డీసీ మోటారు. దాని పినియన్ ఒక గేరును, అది ఇంకో గేరును తిప్పుతాయి. చివరి గేరుకు చుట్టూ పళ్లుండవు, ఒక పక్కనే ఉంటాయి. ఆ పళ్లు పిస్టన్‌ను పట్టి వెనక్కి లాగుతుంటే స్ప్రింగు నొక్కుకుంటూ పోతుంది. పళ్లు అయిపోయే చోట పిస్టన్ ఒక్కసారిగా వదిలి ముందుకు దూకుతుంది. ఆ గాలి దెబ్బకు 6 మిల్లీమీటర్ల గుండు బయటికి పోతుంది. గొట్టంలోకి వెళ్లే చోట పైన చిన్న రబ్బరు బుడిపె ఉంటుంది, దానికి రాసుకుని గుండు తన చుట్టూ తాను వెనక వైపుకు తిరుగుతూ ముందుకు పోతుంది కాబట్టి త్వరగా నేలకు దిగదు. ఎవరు ఆలోచించారో గానీ గొప్ప పనివాడు.

అయితే నువ్వు కొన్నది సెకండ్ హ్యాండ్ అట కదా. పాత మోటారు కొనేటప్పుడు మనం ఏం చూస్తామో నీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ముందు చెవి పెట్టు. ఒక్కొక్క గుండు చొప్పున పది కొట్టి ప్రతిసారీ శబ్దం ఒకేలా ఉందా విను. కీచుమంటే పినియన్, గేరు సరిగ్గా కూర్చోలేదని. ఆడే చోట గుండు వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ఉంటుందట, దాని ముందు పది గుళ్లు కొట్టి పదీ కాగితం మీద రాసుకో. అంకెలు దగ్గర దగ్గరగా ఉంటే మంచిది. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వస్తుంటే పిస్టన్ దగ్గరో, గుండును గొట్టంలోకి నెట్టే నాజిల్ దగ్గరో గాలి కారుతుండొచ్చు. ఒకే పెద్ద అంకె చూపించి అమ్మేవాడి మాట నమ్మకు. తర్వాత మోటారు ఉండే చోట ముట్టుకుని చూడు. కాసేపటికే వేడెక్కితే బ్రష్‌లు అరిగి ఉండొచ్చు, ఎవరైనా గట్టి స్ప్రింగు వేసి ఉండొచ్చు. ట్రిగ్గర్ నొక్కితే కలిసే స్విచ్ కాంటాక్టులు కూడా చూడాలి. మాస్‌ఫెట్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్ లేని వాటిలో మోటారు కరెంటు మొత్తం ఆ చిన్న రేకుల మీదుగానే పోతుంది, మన స్టార్టర్‌లో లాగే కాలి నల్లబడతాయి. విప్పాలనుకుంటే వీడియో కాల్ చేసి నా ముందు విప్పు. స్ప్రింగు కంటి మీదికి ఎగిరొస్తుంది.

బ్యాటరీ విషయం. దానికి కంపెనీ ఇచ్చేది 7.2 వోల్టులు, 500 మిల్లీ ఆంపియర్ అవర్ నికెల్ బ్యాటరీ. మోటారు 10 ఆంపియర్లు లాగిందనుకో, ఆపకుండా తిరిగితే లెక్కకు 3 నిమిషాలు. ఒక్కొక్క గుండు కొడితే ఎక్కువసేపు వస్తుంది గానీ, ఇంత చిన్నదానికి రెండో బ్యాటరీ తప్పదు. అది చాలట్లేదని చాలామంది లిపో, అంటే లిథియం పాలిమర్ బ్యాటరీ పెడతారట. 7.4 అని రాసి ఉన్నా నిండా చార్జ్ అయితే 8.4 ఉంటుంది. ఒక్కో సెల్ 3 వోల్టుల కిందికి పోకూడదు. నికెల్ చార్జర్‌తో లిపోను చార్జ్ చేయకూడదు, నిప్పంటుకోవచ్చు. పడుకునేటప్పుడు చార్జింగ్ పెట్టే అలవాటు నీకు ఫోన్‌తో ఉంది, దీనితో వద్దు. ఉబ్బినట్టు కనిపిస్తే మళ్లీ వాడకు. నా మాట వింటే కంపెనీ బ్యాటరీయే ఇంకొకటి కొను. డబ్బులు నేను పంపుతాను.

ఇంత రాసి కూడా అసలు సంగతి దగ్గరికి రాలేకపోతున్నాను. నీకు ఒకటి చెప్పాలి. ఇది అమ్మకు కూడా పోయిన వారమే చెప్పాను.

చిన్నబాబాయి ఎడమ కంటి కింద మచ్చ ఉంది కదా. ఎడ్లబండి మీద నుంచి పడ్డాడని మీకు చెప్పాం. అది నిజం కాదు. నాకు పన్నెండేళ్లు, వాడికి తొమ్మిది. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు బళ్లు కట్టుకుని వెళ్లాం. ప్రభల వెలుగులు, మైకులు, జనం. తాతయ్య మా ఇద్దరికీ చెరో అర్ధరూపాయి ఇచ్చి, బండి దగ్గరే ఉండండి, కొండ ఎక్కి వస్తాం అన్నాడు. వాడు తన డబ్బులతో బెల్లం జీళ్లు కొనుక్కున్నాడు. నేను బుడగలు కాల్చే కొట్టు దగ్గర ఆగిపోయాను. చెక్కపలక మీద వరసలు వరసలుగా బుడగలు, అంచు చుట్టూ ఇనుప పట్టీ. గొట్టం మధ్యకు విరిచి సీసం గుండు పెట్టే గాలి తుపాకీ అది. కొట్టువాడు గుండు పెట్టి ఇస్తున్నాడు. మొదటి రెండూ తగల్లేదు. మూడోది తగిలి ఎర్ర బుడగ పగిలింది. తమ్ముడు చప్పట్లు కొడుతూ నా పక్కకు, కాస్త ముందుకు వచ్చి నిలబడ్డాడు. వెనక్కి పోరా అనలేదు నేను. నాలుగోది పట్టీకి తగిలింది.

టంగుమన్న శబ్దం ఒక్కటే గుర్తు. వాడు ఏడవలేదు. జీళ్ల పొట్లం కింద పడేసి రెండు చేతులతో ముఖం మూసుకుని కూర్చున్నాడు. వేళ్ల సందుల్లోంచి రక్తం కారుతోంది. నేను వాడి చేతులు తీయించి చూడటానికి భయపడ్డాను, తీస్తే కన్ను ఉండదేమోనని. కొట్టువాడి భార్య తీసింది. కంటి కింద ఎముక మీద తగిలి చర్మం చీలింది. కన్ను ఉంది. ఆమె కొంగు తడిపి తుడిచి, పసుపు అద్ది, బియ్యపు గింజంత పైకి తగిలితే ఏమయ్యేదిరా అని నన్ను వీపు మీద ఒక్కటి వేసింది. తాతయ్య వచ్చేసరికి, బండి కాడి మీద నుంచి పడ్డాను నాన్నా అని వాడే చెప్పాడు. నా వైపు చూడకుండా చెప్పాడు. ఇప్పటివరకూ ఆ మాట మార్చలేదు. ఎక్కడైనా పెళ్లిలో వాడి పక్కన కూర్చుని భోంచేస్తుంటే నా కన్ను ఆ మచ్చ మీదికే పోతుంది.

దీపావళికి నువ్వు రీలు తుపాకీ కావాలని ఏడ్చిన ఏడు గుర్తుందా? అందరికీ కొనిచ్చి నాకెందుకు కొనవని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇదీ కారణం.

ఇప్పుడు ఫొటో సంగతి. అందులో నువ్వు మామూలు కళ్లజోడు పెట్టుకుని ఉన్నావు, ఆరో క్లాసు నుంచీ పెట్టుకునే లాంటిదే. వెనక ఒకతను తుపాకీ ఎత్తి పట్టుకుని ఉన్నాడు. జపాన్ చట్టం 2006లో ఇలాంటి తుపాకుల గుండు శక్తికి 0.98 జూళ్లు హద్దు పెట్టింది. చిన్న అంకెలా కనపడుతుంది. 0.2 గ్రాముల గుండు సెకనుకు 99 మీటర్లు పోతే అంత. చేతికి తగిలితే ఎర్రగా కందుతుంది, అంతే. కంటికి తగిలితే లోపల రక్తం చేరుతుంది, చూపు పోవచ్చు. కళ్లజోడు అద్దం దీనికి అడ్డం కాదు. పక్కల కూడా మూసుకునే గాగుల్స్, గట్టి దెబ్బను ఆపుతాయని తెలిపే జెడ్ 87 ప్లస్ గుర్తు అచ్చు వేసి ఉన్నవి, కళ్లజోడు మీద నుంచే పెట్టుకునేలా దొరుకుతాయి. మూతికీ పళ్లకీ మాస్కు. ఆట అయిపోయాక కూడా అందరూ గుళ్లు నింపే మ్యాగజైన్ తీసి, గొట్టంలో మిగిలిన గుండు నేల వైపు కొట్టేసేదాకా గాగుల్స్ తీయొద్దు. చెమట పట్టి మసకేసినా, ఆడే చోట ఒక్క క్షణం కూడా తీయకు. బయటికి వచ్చి తుడుచుకో.

ఇంకొకటి, నాకు నిద్ర పట్టనిది ఇదే. ఆ ఫొటోలో గొట్టం చివర నల్లగా ఉంది. ఎంత పెద్దది చేసినా నారింజ రంగు కనపడలేదు. అమెరికాలో బొమ్మ తుపాకీ అమ్మాలంటే గొట్టం చివర ఆ రంగు ఉండాలని 1988లోనే చట్టం చేశారు. నీకు అమ్మినవాడు తీసేశాడా? రంగు పూశాడా? లేక వెలుతురు వల్ల అలా కనపడిందా? 2014 నవంబరు 22న క్లీవ్‌లాండ్‌లో తమీర్ రైస్ అనే పిల్లవాడు పార్కులో ఇలాంటి ఎయిర్‌సాఫ్ట్ తుపాకీతో ఆడుకుంటుంటే, ఎవరో ఫోన్ చేస్తే పోలీసు కారు వచ్చింది. ఆగిన రెండు సెకన్లలోపే కాల్చారు. దాని చివర నారింజ రంగు లేదు. వాడికి పన్నెండేళ్లు. ఆ తల్లి సంగతి తలచుకుంటే నాకు అన్నం సయించడం లేదు.

రంగు ఉంటే చాలనీ కాదమ్మా. చీకట్లో, దూరం నుంచి, భయపడ్డవాడికి అది కనపడదు. అందుకని అది పెట్టెలో పెట్టి, జిప్ వేసి, కారు డిక్కీలో వెళ్లాలి, డిక్కీలోనే తిరిగి రావాలి. మీ అపార్ట్‌మెంట్ బాల్కనీలో చేతిలోకి తీసుకోకు. కిటికీ దగ్గర నిలబడి గురి చూడకు. ఆడే చోటికి పది అడుగుల దూరంలో పార్కింగ్ ఉన్నా పెట్టెలోనే ఉంచు. ఎప్పుడైనా పోలీసు ఆపితే రెండు చేతులూ కనపడేలా పెట్టు, ఇది బొమ్మ అని చూపించడానికి దాని వైపు చెయ్యి చాపొద్దు. ఇక్కడికి వచ్చేటప్పుడు దాన్ని సామానులో పెట్టుకోవద్దు, అక్కడే ఎవరి దగ్గరైనా ఉంచి రా.

నువ్వు ఆడొద్దని నేను అనడం లేదు. ఆ ఫొటోలో నీ మోచేతులకు మట్టి అంటుకుని ఉంది, నవ్వుతున్నావు. ఆ ఉద్యోగంలో చేరాక నువ్వు అలా నవ్విన ఫొటో ఇదే చూశాను. శనివారం పొద్దున్నే లేచి నలుగురితో పరుగెత్తుతున్నావంటే నాకు సంతోషమే. నీళ్లు సరిగా తాగు, డాలస్ ఎండ మన ఎండకు ఏమీ తీసిపోదని చిన్నోడు చెప్పాడు.

ఈ ఉత్తరం అందగానే రెండు ఫొటోలు పంపు. గొట్టం చివర దగ్గరగా పెట్టి ఒకటి, గాగుల్స్ పెట్టుకుని ఒకటి. రంగు పోయి ఉంటే, ఎయిర్‌సాఫ్ట్ షాపుల్లో అమ్మే నారింజ మూతే కొని బిగించు, టేపు చుట్టి సరిపెట్టకు. నాకు అర్ధరాత్రి అయినా పర్వాలేదు, ఫోన్ దిండు పక్కనే ఉంటుంది.

ఆశీస్సులతో,
నాన్న

ఇంకొక విషయం: ఆవకాయ పార్శిల్ సోమవారం పంపుతున్నాం. జాడీ కాదు, నూనె కారకుండా మూడు కవర్లలో కట్టించాను. కింద కవరులో సున్నుండలు ఉన్నాయి, అవి ముందు తీసి తిను, మెత్తబడిపోతాయి. చిన్నబాబాయి ఫోన్ చేస్తే మచ్చ సంగతి నీకు తెలిసినట్టు మాట్లాడకు.