శనివారం సెంట్ ఎమిలియోన్ ప్రయాణం: సభ్యులకు మనవి

అందరికీ నమస్కారం.

ఈ శనివారం మనం ఫ్రాన్స్‌లోని బోర్డో నుంచి, వైన్‌కు పేరున్న దగ్గరి ఊరు సెంట్ ఎమిలియోన్‌కు వెళ్తున్నాం. ఉదయం 9 గంటలకల్లా సెంట్ జాన్ స్టేషన్ ప్రధాన ద్వారం దగ్గరికి చేరుకోండి. రైలు ప్రయాణం అరగంటకు కాస్త ఎక్కువే. దిగాక ద్రాక్షతోటల మధ్య నుంచి ఊళ్లోకి దాదాపు ఇరవై నిమిషాలు నడవాలి.

ముందుగా సున్నపురాతి కొండను లోపలికి తొలిచి మలచిన చర్చిని చూస్తాం. గైడు లేకుండా లోపలికి పంపరు కాబట్టి దయచేసి ఆలస్యం చేయకండి. 1999లో యునెస్కో ఈ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఆ తర్వాత నేలమాళిగలు. ఇళ్లు కట్టడానికి రాయి తవ్విన గనులే తర్వాతి కాలంలో వైన్ నిల్వకు పనికొచ్చాయి. మండువేసవిలోనూ అక్కడ మారని చల్లదనం, తేమ వల్లే పీపాల్లో వైన్ నెమ్మదిగా పక్వానికి వస్తుంది. గోడలపై పనిముట్ల గాట్లు ఇప్పటికీ కనిపిస్తాయి, తప్పక గమనించండి.

స్వెట్టరు, జారని బూట్లు తప్పనిసరి. రాళ్లు పరిచిన సందులు బాగా ఏటవాలుగా ఉంటాయి. 18 ఏళ్లలోపు పిల్లలు మాళిగలు చూడవచ్చు గానీ, వైన్ రుచి చూడటం పెద్దలకే.

పులిహోర, పెరుగన్నం తేగలిగినవారు ఇక్కడే తెలియజేయండి. వచ్చేవారి పేర్లు గురువారం సాయంత్రంలోగా అందాలి. తిరుగు టికెట్ కూడా ముందే తీసుకోవడం మరవకండి.