బీచ్ ఇంట్లో నీళ్ళు ఉప్పగా మారాయి: మా ఇంట్లో దిగేవాళ్ళందరికీ

అందరికీ నమస్కారమండీ.

అంతర్వేది దగ్గర సరుగుడు తోటలో ఉన్న మా బీచ్ ఇంట్లో నెలో రెండు నెలలో ఉండి వెళ్ళిన ప్రతి ఒక్కరికీ ఈ సంగతి నా ద్వారానే తెలియాలని రాస్తున్నాను. ఈ వేసవిలో మా ఫిల్టర్ పాయింట్ (ఇసుకలో తక్కువ లోతుకి దింపిన బోరు) నీళ్ళు ఉప్పగా మారాయి. ప్రస్తుతం ఇల్లు ఖాళీగా ఉంది. ఇకమీదట ఏ సంవత్సరమూ ఏప్రిల్ నుంచి జూన్ నెలాఖరు దాకా ఆ ఇల్లు అద్దెకివ్వను.

"మా నీళ్ళు కొబ్బరినీళ్ళండీ" అని మీలో ఎంతమందికి చెప్పానో నాకు గుర్తుంది. 2017లో ఇల్లు కట్టినప్పుడు 18 అడుగుల్లోనే తియ్యటి నీళ్ళు పడ్డాయి. సముద్రానికి అంత దగ్గరలో అలాంటి నీళ్ళేమిటని చూడ్డానికి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. మస్కట్‌లో పదకొండేళ్ళు వంటపని చేసి సంపాదించిన డబ్బుతో కట్టుకున్న ఇల్లది. అక్కడ తాగే నీరు చాలావరకు సముద్రపు నీటిని శుద్ధి చేసి ఇచ్చేదే. నేనున్న గది యజమాని ట్యాంకు కడిగించకుండానే కడిగించానని చెప్పేవాడు. ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ కూడా ఇవ్వలేదు. పరాయి దేశంలో ఎవరికి చెప్పుకుంటాం? నా ఇంట్లో దిగినవాళ్ళకి నీళ్ళ విషయంలోనూ డబ్బు విషయంలోనూ అలా జరగకూడదని అనుకున్నాను. ఈసారి నీళ్ళ విషయంలో జరిగింది.

మెల్‌బోర్న్ నుంచి ప్రతి ఏడాదీ వచ్చే బాబాయిగారు, పిన్నిగారు ఫిబ్రవరి నెలాఖరున దిగారు. మే నెలలో ఆవకాయ పెట్టించుకుని వెళ్దామని వాళ్ళ ఆలోచన. ఏప్రిల్ మొదటి వారంలో పిన్నిగారు ఫోన్ చేసి, "అమ్మాయ్, మూడు విజిల్స్‌కి ఉడికే పప్పు ఏడు పెట్టినా పలుకుగానే ఉంది" అన్నారు. పప్పు పాతదేమోనండీ అని చెప్పి, మలికిపురం నుంచి కొత్త కందిపప్పు తెప్పించి పంపాను. రెండు రోజులు పోయాక సబ్బు నురగ రావట్లేదన్నారు. అప్పటికి నాకు అర్థమైంది. గోదావరి జిల్లాలో పుట్టిన ఏ ఆడదానికైనా అర్థమవుతుంది, పప్పు ఉడకకపోతే నీళ్ళు మారాయని. అయినా నా నోటితో ఆ మాట చెప్పలేకపోయాను. మీటరు పెట్టి చూస్తే టీడీఎస్, అంటే లీటరు నీళ్ళలో కరిగి ఉన్న ఉప్పులూ ఖనిజాలూ, 1,900 మిల్లీగ్రాములు ఉంది. మొదట్లో ఆ బోరులో 380 ఉండేది. తాగే నీటికి మన దేశంలో పెట్టుకున్న ప్రమాణం 500. వేరే దారి లేనప్పుడు 2,000 దాకా ఒప్పుకోవచ్చంటారు. ల్యాబ్‌కి పంపిస్తే ఉప్పులో ఉండే క్లోరైడ్ లీటరుకి 840 మిల్లీగ్రాములు వచ్చింది. అది 250 లోపు ఉండాలి.

కాగితం మీద 2,000 లోపే ఉంది కదా అని నాకు నేను సర్దిచెప్పుకుని పది రోజులు గడిపేశాను. ఆ పది రోజులకీ క్షమించమని అడుగుతున్నాను. బాబాయిగారు బీపీ మాత్రలు వేసుకునే మనిషి. పిన్నిగారు ఆయన కూరలో ఉప్పు చెంచాతో కొలిచి వేస్తారు. తాగడానికి క్యాన్ నీళ్ళే వాడారు గానీ, అన్నం, పప్పు వండింది ఆ బోరు నీళ్ళతోనే.

తర్వాత ట్యాంకర్ పెట్టించాను. ఈ ట్యాంకర్ సంగతి వివరంగా చెప్పాలి. ఆరేళ్ళుగా ఆ ట్యాంకర్ యజమాని దగ్గరే నీళ్ళు తెప్పించుకుంటున్నాను. పండగలకీ, అంతర్వేది కళ్యాణానికీ జనం ఎక్కువైనప్పుడల్లా ఆయనే ఆదుకున్నాడు. వాళ్ళమ్మాయి పెళ్ళికి వెళ్ళి అక్షింతలు వేసి వచ్చాను. ఏప్రిల్‌లో మరమ్మతుల కోసం కాలువలు కట్టేసి నీళ్ళు ఆపేస్తారని మీకు తెలుసు. 1852లో కాటన్ దొర ధవళేశ్వరంలో కట్టించిన ఆనకట్ట పుణ్యాన వచ్చే నీళ్ళే మాకు ఆధారం. మాది కాలువ చిట్టచివర ఊరు కాబట్టి కట్టేసినప్పుడు మా గొంతులే ముందు ఎండుతాయి. అందుకే నీళ్ళు ఎక్కడి నుంచి తెస్తున్నావని మొదటి రోజే అడిగాను. కాలువ కట్టేయకముందు నింపుకున్న మంచినీళ్ళ చెరువు నుంచే తెస్తున్నానన్నాడు. ట్యాంకరుకి 300 ఎక్కువ అడిగితే ఇచ్చాను. తొమ్మిది ట్యాంకర్లు దింపాడు.

పదో ట్యాంకర్ వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. పైపు చివర గ్లాసు పెట్టి నీళ్ళు పట్టి మీటరు ముంచాను. 2,700. నా బోరు కంటే ఎక్కువ! డ్రైవరు కుర్రాడిని మంచిగా అడిగితే చెప్పేశాడు. మంచినీళ్ళ చెరువు దగ్గర వరస పెద్దదని, రొయ్యల చెరువుల పక్కనున్న బోరు దగ్గర పట్టుకొస్తున్నారట. మొదటి నుంచీ అంతేనట. యజమానికి ఫోన్ చేస్తే, "ఒళ్ళు కడుక్కోడానికే కదమ్మా, ఇంత పట్టింపేంటి" అన్నాడు. ఆరేళ్ళ నమ్మకానికి ఆయనిచ్చిన విలువ అది. డబ్బు తిరిగి ఇస్తానన్నాడు, వద్దన్నాను. ఆ ట్యాంకర్ ఇక నా గేటు దాటి రాదు. ఈ మాట కోపంలో అంటున్నది కాదు. మూడు నెలలు ఆలోచించాకే రాస్తున్నాను.

ఆ సాయంత్రమే వెళ్ళి బాబాయిగారికి, పిన్నిగారికి అంతా చెప్పాను. ఒక్క మాట కూడా అనలేదు. నాలుగు రోజుల్లో హైదరాబాద్ వెళ్ళిపోయారు. మిగిలిన ఐదు వారాల అద్దె, అడ్వాన్సు అదే రోజు వేసేశాను. తర్వాత వాళ్ళ బంధువుల ద్వారా తెలిసింది, "మొదటి రోజే చెప్పి ఉంటే ఊళ్ళో ఎక్కడో సర్దుకుని ఉండేవాళ్ళం" అన్నారట. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

ఇక ఏం చేయాలన్నదే పెద్ద టెన్షన్ అయిపోయింది. అందరూ చెప్పిన మొదటి సలహా లోతుగా బోరు వేయించమని. మా పక్క తోటవాళ్ళు 90 అడుగులు వేయించారు. ఆ నీళ్ళు స్నానానికి కూడా పనికిరాలేదు. రెండో సలహా ఇల్లు మొత్తానికీ నీళ్ళలో ఉప్పు తీసేసే ఆర్వో మెషీన్ పెట్టమని. లీటరు మంచినీళ్ళకి రెండు మూడు లీటర్లు బయటికి వదిలేస్తుంది ఆ మెషీన్. అంటే రోజుకి వెయ్యి లీటర్లు కావాలంటే ఆ బోరులోంచే మూడు నాలుగు వేలు లాగాలి. కొటేషన్ తీసుకుని, లోను కూడా మాట్లాడుకుని ఆగాను. ఆగడానికి కారణం, నాలుగేళ్ళ క్రితం మా ఇంట్లో రెండు నెలలు ఉండి వెళ్ళిన, భూగర్భజలాల శాఖలో పనిచేసి రిటైరైన ఒకాయన. ఫోన్ చేస్తే గంటసేపు ఓపిగ్గా చెప్పారు.

ఇసుక మెరకలో మనం తోడుకునేది వాన నీరేనట. అది ఇసుకలోకి దిగి, కిందనున్న బరువైన ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్ర మట్టానికి పైన అడుగు ఎత్తున మంచినీరు ఉంటే, కింద దాదాపు 40 అడుగుల దాకా మంచినీరే ఉంటుంది. అలాగే పైన అడుగు తగ్గితే కింద ఉప్పునీరు 40 అడుగులు పైకి వచ్చేస్తుంది. ఇది విన్నాక లోతు బోరు, ఆర్వో రెండూ మానేశాను. చుట్టూ రొయ్యల చెరువులు పెరగడం కూడా ఒక కారణమే. కానీ చెరువులవాళ్ళ మీదకే నెట్టేసి చేతులు దులుపుకోలేను. చేతిపంపు తీసేసి ఒక హెచ్‌పీ మోటారు పెట్టింది నేను. ఫోటోల్లో పచ్చగా కనపడుతుందని లాన్ వేయించి, ఎండాకాలం రెండు పూటలా తడిపించింది కూడా నేనే.

లాన్ తీయించేశాను. వచ్చినవాళ్ళకి ఇసుకే కనిపిస్తుంది, నాలుగు కొబ్బరిచెట్లు ఉంటాయి. మోటారు అర హెచ్‌పీకి మార్చాను. పొద్దున్న 20 నిమిషాలు, సాయంత్రం 20 నిమిషాలు తప్ప నడవదు. కప్పు మీద పడిన వాన నీరంతా గొట్టాలతో ఇంకుడుగుంతలోకి దింపాను. 1,200 చదరపు అడుగుల కప్పు మీద మా దగ్గర ఏడాదిలో పడే వాన లక్ష లీటర్ల పైమాటే. ఇన్నేళ్ళూ అదంతా రోడ్డు మీదకి వదిలేశాను.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా మూసేయడమే అన్నిటికంటే కష్టమైన నిర్ణయం. ఆ మూడు నెలల అద్దె మీదే మా అబ్బాయి కాలేజీ ఫీజు కడుతున్నాను. పక్కనున్న ఎకరం రొయ్యల చెరువుకి లీజుకిస్తే ఆ నష్టం పూడిపోతుందని ఇద్దరు ముగ్గురు వచ్చి అడిగారు కూడా. ఇవ్వను. మొండితనం అనుకుంటే అనుకోండి. ఆ మెరక చెరువైపోతే ఇంక ఎన్ని వానలు పడ్డా నా ఇంటికి మంచినీళ్ళు రావు.

మిగతావేవీ మారలేదు. పదకొండు నెలల లోపు అగ్రిమెంటు, రెండు నెలల అడ్వాన్సు, ఖాళీ చేసిన వారం లోపు వాపసు, అన్నీ పాత పద్ధతే. విదేశీ పాస్‌పోర్టుతో దిగేవాళ్ళ వివరాలు 24 గంటల్లో ఆన్‌లైన్‌లో నేనే పంపాలి. కాబట్టి పాస్‌పోర్టు, వీసా కాపీలు దిగిన రోజే ఇవ్వండి, రేపిస్తామనకండి. తుపాను హెచ్చరిక వస్తే ఇల్లు ఖాళీ చేయించే పద్ధతి కూడా అలాగే ఉంటుంది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ముందు రోజే మా ఇంట్లోవాళ్ళని ఊళ్ళోకి తీసుకొచ్చాను. 1996 నవంబరు 6 నాటి తుపాను చూసినదాన్ని, ఆ విషయంలో ఎవరు బతిమాలినా వినను.

వచ్చే ఏప్రిల్‌కి అడ్వాన్సు పంపిన మూడు కుటుంబాలకీ రెండు దారులున్నాయి. డబ్బు మొత్తం వాపసు తీసుకోవచ్చు. లేదా ఊళ్ళో మా పెంకుటింట్లో అద్దె సగానికే ఉండొచ్చు. అక్కడికి సముద్రం నాలుగు కిలోమీటర్లు. అలల చప్పుడు వినపడదు గానీ పంచాయతీ కుళాయి ఉంది, పప్పు ఉడుకుతుంది. డిసెంబరు, సంక్రాంతి బుకింగులవాళ్ళు నవంబరు నెలాఖరు దాకా ఆగండి. టీడీఎస్ 700 లోపుకి దిగితేనే మిమ్మల్ని బీచ్ ఇంట్లో దింపుతాను. దిగకపోతే మీకూ అవే రెండు దారులు.

వంటింటి గోడకి ఒక నోటు పుస్తకం వేలాడదీశాను. ప్రతి ఆదివారం మీటరు పెట్టి అందులో రాస్తున్నాను, ఆ పేజీ ఫోటో మీ అందరికీ పంపుతాను. వానలు మొదలయ్యాక 1,900 నుంచి తగ్గుతూ వచ్చి, మొన్న ఆదివారం 1,120 చూపించింది. ఇంకా చాలా దిగాలి.

ఏప్రిల్‌కి అడ్వాన్సు పంపిన ముగ్గురూ ఏ దారి కావాలో ఈ నెలాఖరులోగా ఫోన్ చేసి చెప్పండి. మీకక్కడ పగలైనప్పుడు మాకు రాత్రి అవుతుందని మొహమాటపడకండి, పదకొండు దాకా మెలకువగానే ఉంటాను.